వరుసలో గురువారం

లైను ఒక నిమిషం నడిస్తే పిచ్చుక బతుకులో పంతొమ్మిది నిమిషాలు అవతలి ఊరు చేరుతున్నాయి. ఫోను వెలుతురులో ఒక అట్టముక్క వెనక మూడుసార్లు వేసి చూసుకున్నాను, మూడుసార్లూ అంతే వచ్చింది. పిచ్చుక మా చెల్లెలి కూతురు, తొమ్మిదేళ్ళది, ఇక్కడికి రెండు వీధుల అవతల ఆసుపత్రి మూడో అంతస్తులో, తలనిండా వైర్లతో సోమవారం పొద్దున్నుంచి మంచం మీదే ఉంది. దానికి ఫిట్స్. మందులు ఆపేసి, ఫిట్స్ ఎప్పుడొస్తాయా అని కాచుకుని, వచ్చినప్పుడు మెదడులో ఏ మూల మొదలవుతున్నాయో గీతల్లోనూ వీడియోలోనూ పట్టుకోవాలి. అలా మూడు పట్టుకుని పంపితే, ఆ మూల కోసి తీసేయొచ్చో లేదో అవతలి ఊళ్ళో ఉన్న సర్జను చెబుతాడు. మూడూ వచ్చాయి. గురువారం మధ్యాహ్నం మూడింటికి ఒకటి, ఆ రాత్రి తొమ్మిదిన్నరకి ఒకటి, ఇవాళ శుక్రవారం తెల్లవారుజామున నాలుగూ నలభైకి ఒకటి. వాటిని దాచే పని నాది. ఆసుపత్రుల వాళ్ళవీ, ఇంకొందరివీ ఫోటోలూ వీడియోలూ దాచిపెట్టడమే నా వ్యాపారం, ఇక్కడ ఒక గది, అవతలి ఊళ్ళో రెండో గది, ఇక్కడికి వచ్చిన ప్రతిదానికీ అక్కడ ఒక నకలు, రెంటికీ మధ్య ఒక లైను. ఇవాళ సాయంత్రం నాలుగుకి పది నిమిషాల ముందు ఇక్కడి డిస్కులన్నీ ఉన్న పెద్ద బీరువా లోపలెక్కడో చిటపటలాడి, పొగ కక్కి, చచ్చిపోయింది. బిల్డింగు ఫైరు వాళ్ళు వచ్చి అంతస్తు మొత్తానికి కరెంటు తీసేశారు, తనిఖీ అయ్యేదాకా ఇచ్చేది లేదన్నారు. మిగిలింది ఈ చిన్న పెట్టె. అవతలికి వెళ్ళాల్సినవి తమ వంతు కోసం నిలబడేది ఇందులోనే. పిచ్చుకవి అరవై రెండు జీబీలు నిలబడి ఉన్నాయి. లైను గంటకి ముప్ఫై మోస్తుంది. బ్యాటరీ డెబ్బై నిమిషాలు. ఎటు నుంచి వేసినా ముప్ఫై ఐదు వెళతాయి, ఇరవై ఏడు మిగులుతాయి.

గదిలో ఊపిరాడటం లేదు. ఫ్యాన్లు, లైట్లు, తలుపు తాళం మిషను, బ్యాటరీని నాకేవన్నీ ఇంజనీరమ్మాయి ఒక్కొక్కటీ పీకేసింది, అలా పీకితేనే నలభై నిమిషాల బ్యాటరీ డెబ్బైకి వచ్చింది. కాలిన ప్లాస్టిక్కు వాసన నాలుక మీద పేరుకుంది. ఇంకో బ్యాటరీ తెచ్చి తగిలిద్దాం అంటే ఈ పెట్టెకి ప్లగ్గు ఒకటే, రెప్పపాటు పీకినా వరుస మొత్తం చెదిరిపోతుంది అంది. పెన్‌డ్రైవులోకో, ఇంకో డిస్కులోకో లాగేద్దాం అంటే ఇందులో ఉన్నవి ఫైళ్ళు కావు సార్, ముక్కలు, అవతల ఒకదాని మీద ఒకటి వరసగా పడితేనే బొమ్మ అవుతాయి, బయటికి దారి ఆ లైను ఒక్కటే అంది. లైను అమ్మినాయనకి ఫోను చేశాను. ఈ గంటకి వేగం పెంచు, ఏడాది డబ్బు ఇప్పుడే కడతానన్నాను. ఆయన పాపం మర్యాదగానే చెప్పాడు, ఫారం పంపిస్తాను, రేపు పొద్దున పదిలోపు అయిపోతుందని. ఇదే మనిషిని ఆరు నెలల క్రితం నా టేబుల్ ముందు రెండు గంటలు కూర్చోబెట్టి, టీ మీద టీ తాగించి, నలిపి నలిపి ధర దించుకున్నాను. వెళ్ళేటప్పుడు గెలిచినవాడిలా చెయ్యి కూడా కలిపాను.

ఆ రోజు ఇంజనీరమ్మాయి మూడు ప్లాన్లు వేసి తెచ్చింది. పెద్ద లైను, నడిమి లైను, చిన్న లైను. నేను చిన్నదాని మీద వేలు పెట్టాను. ఎందుకంటే నా లెక్క నా దగ్గరుంది. పిచ్చుక లాంటి పిల్లలకి రికార్డింగు చేసే మంచం ఆ ఆసుపత్రిలో ఒక్కటే, అది గంటకి ఒకటీ పాయింట్ ఆరు జీబీలు పుట్టిస్తుంది, నెలలో సగం రోజులు ఖాళీగా ఉంటుంది, కాబట్టి సగటున గంటకి పాయింట్ ఎనిమిది, దానికి ఒకటి ఇస్తే ఇంకా మిగులే. మిగిలిన వాళ్ళు, స్కానింగు సెంటర్లు, పళ్ళ డాక్టరు, భూమి కొలిచే సర్వేయరు, ఎక్కువ కట్టేవాళ్ళు కాబట్టి వాళ్ళ వరుసలు వెడల్పు. ఆ అమ్మాయి నా అంకెలు చూసి, మీ పాత కోల్డ్ స్టోరేజీ కప్పు మీద నీటి గొట్టం ఏడాది వానని రోజులకి పంచి కొన్నారా సార్, పెద్ద వానని చూసి కొన్నారా అని అడిగింది. బాగా అడిగింది. నేను ఇంకా బాగా చెప్పాను: గొట్టం చాలకపోతే కప్పు కారుతుందమ్మాయ్, ఇది కారదుగా, వరుసలో నిలబడుతుంది, అంతేగా. తను నవ్వలేదు. నిలబడినంతసేపూ అది ఒక్కచోటే ఉంటుంది సార్ అంది. ఆ మాట అప్పుడు విన్నాను. విని పక్కన పెట్టాను. పాతికేళ్ళు కోల్డ్ స్టోరేజీ నడిపిన వాణ్ణి, జాగా అంటే నాకు చెప్పాలా, సరుకు ఎప్పుడూ సగటునే వస్తుంది, అటొకరోజు ఎక్కువ, ఇటొకరోజు తక్కువ. కానీ పిచ్చుక సగటున రాలేదు. సోమవారం పొద్దున ఎనిమిదింటికి వచ్చి, ఇరవై నాలుగ్గంటలూ, ఐదు రోజులూ వచ్చింది. గంటకి ఒకటీ పాయింట్ ఆరు లోపలికి, ఒకటి బయటికి. పాయింట్ ఆరు వెనక పడటం, ఇంకో పాయింట్ ఆరు, ఇంకో పాయింట్ ఆరు, మూడో అంతస్తులో మా చెల్లెలు పిల్ల పక్కన కూర్చుని కాచుకున్న నూట నాలుగు గంటలూ అది అలా పేరుకుంటూనే ఉంది. వార్డులోని రికార్డింగు మిషను మాకు పంపింది పంపినట్టే తుడిచేసుకుంటుంది, జాగా కోసం. ఆ ఏర్పాటూ నేను చెప్పిందే.

నాలుగూ పన్నెండు. ఎనిమిదిన్నర వెళ్ళాయి. పొగ తగ్గగానే, ఐదు తక్కువ నాలుగుకి, మిగతా వరుసలన్నీ ఆపించి లైను మొత్తం పిచ్చుకకే ఇచ్చాను, ఇంజనీరమ్మాయి నా వైపు ఒక్కసారి చూసి అలాగే చేసింది. సర్వేయరు ఇవాళ ఎండలో తిరిగి కొలిచిన కొలతలు పోతాయి. స్కానింగు సెంటర్లలో పొద్దున్నుంచి తీసినవి పోతాయి, ఎవరెవరో మళ్ళీ పరగడుపున వచ్చి మళ్ళీ ఆ గొట్టంలో పడుకోవాలి. వాళ్ళందరికీ రేపు నేనే ఫోను చేయాలి, ఒక్కొక్కరికీ ఏం చెప్పాలో నోట్లో కూడబలుక్కుంటే మాట రావడం లేదు, పొరపాటున, సాంకేతిక కారణాల వల్ల, ఛ. మీ అందరివీ ఆపి మా ఇంటి పిల్లది పంపాను అనాలి. అంటానా, ఏమో. వ్యాపారం ఉంటుందా, అదీ ఏమో, అది తర్వాతి సంగతి, ఇప్పుడు నాకు కావాల్సింది నిమిషాలు. ఆ నిమిషాల్లో వెళుతున్నదేమిటంటే పిచ్చుక నిద్ర. బుధవారం అర్ధరాత్రి దాటి, గురువారం ఒంటిగంట వరకూ అవతలికి ముందే చేరింది, అక్కడి నుంచి వరుస. ఒంటిగంట నుంచి పొద్దున ఏడు దాకా అది పడుకున్నంతసేపూ పడుకున్నట్టే, పక్కకి దొర్లితే దొర్లినట్టే వెళ్ళాలి. కోల్డ్ స్టోరేజీలో అయితే ముందున్న బస్తాలు తోసేసి, వెనకాల ఉన్నది జబ్బల మీద మోసుకొచ్చి లారీలో పడేసేవాణ్ణి. ఇక్కడ అలా కుదరదు. పళ్ళు తోముకోవడం వెళుతుంది. వాళ్ళమ్మ ఇడ్డెనో రొట్టో ఏదో తినిపించబోతే మొహం తిప్పుకోవడం వెళుతుంది. గురువారం నేను పది గంటలకి వెళ్ళాను కదా, అరగంట ఉన్నాను కదా, ఆ అరగంటా వెళుతుంది, నేను గళ్ళ చొక్కాతో కుర్చీలో కూర్చుని కెమెరా వైపు వేలు చూపిస్తూ, చూశావా పిచ్చుకా, నువ్విక్కడ బొమ్మ గీస్తే అది రెండు ఊళ్ళలో ఉంటుంది, ఒక ఊరు మునిగిపోయినా నీ బొమ్మ పోదు అని చెప్పడం. నా ఆ గొప్పలకి నిమిషంన్నర బ్యాటరీ.

నాలుగూ ఇరవైకి చెల్లెలు ఫోను చేసింది. నర్సు ఐదింటికి మందు మళ్ళీ మొదలుపెడతానంటోంది, ఆ ముందే వైర్లు తీసేస్తారట, డాక్టరుగారు మూడూ చూశారు చాలన్నారు, అంతా అక్కడికి వచ్చేసినట్టేగా అన్నయ్యా అంది. ఆఁ అన్నాను. అంత చిన్న మాట. నోట్లోంచి దానంతటదే వచ్చింది, కొట్లో ఎవరైనా సరుకు తాజాదేనా అంటే వచ్చినట్టు. ఫోను పెట్టేశాక అట్టముక్క మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. ఎందుకంటే ఐదు అంటే ఐదే. మందు పడిందంటే మళ్ళీ ఫిట్స్ రావాలంటే మళ్ళీ మొదటినుంచి, మళ్ళీ మంచం ఖాళీ అయ్యేదాకా ఆగడం, మళ్ళీ రోజుకింత చొప్పున మందు తగ్గించడం, మళ్ళీ కాచుకోవడం. మందు పడకుండా ఆపితే, వైర్లు ఉంచితే, ఇవాళ రాత్రికే ఇంకోటి రావచ్చు. వస్తే మూడోది దొరికినట్టే, లెక్క సరిపోతుంది. నిన్నటి నుంచి ఊపు మీద ఉన్నాయి కదా, దగ్గర దగ్గరగా వస్తున్నాయి కదా, తొమ్మిదిన్నరకొకటి, నాలుగూ నలభైకొకటి, అంటే ఏడు గంటలకొకటి, మధ్యాహ్నానిది తప్పిపోయిందనుకున్నా... అక్కడ ఆగాను. అట్టముక్క మీద ఏడు అని రాసి ఉంది. నేనే రాశాను. పిల్ల ఒళ్ళు విరుచుకుపోయి, కళ్ళు పైకి తేలిపోయేది ఎప్పుడా అని, లోడు ఎప్పుడు దిగుతుందా అని చూసినట్టు వేళ్ళ మీద గంటలు వేస్తున్నాను.

మొదటిసారి అది నా కళ్ళ ముందే వచ్చింది. ఐదేళ్ళది అప్పుడు. కోల్డ్ స్టోరేజీ ఆఫీసు గదిలో కాగితాల మీద స్టాంపులు కొట్టుకుంటూ ఆడుతోంది, చప్పుడు ఆగిపోతే తలెత్తి చూశాను, కింద పడి ఉంది. వేషాలు వెయ్యకు లే అన్నాను. ఫోనులో ఎవరితోనో బేరం మధ్యలో ఉన్నాను, చెయ్యి ఊపి, లేస్తావా లేవ్వా అని నవ్వాను కూడా. ఎంతసేపు అలా మాట్లాడానో ఇప్పటికీ తెలీదు. ఇవాళ నిమిషానికి పంతొమ్మిది నిమిషాలని తేల్చగలిగినవాణ్ణి, అదొక్కటీ తేల్చలేను. చెల్లెలు అడిగితే వెంటనే చూశాను అన్నాను. అదీ ఒక ఆఁ. చెల్లెలు నా మాట ఎప్పుడూ రెండోసారి తూచలేదు. ఏ కాలేజీ అంటే నేను చెప్పిందే, సంబంధం నేను చూసిందే, బావ ఉద్యోగం మానేసి వ్యాన్లు తిప్పుతానంటే నేను ఊఁ అన్నాకే, ఈ ఆసుపత్రి కూడా నేను చెప్పిందే, అక్కడి రికార్డింగులు దాచేది మన గదుల్లోనే, మన కళ్ళ ముందుంటుంది, ఒక్క ముక్క పోదు అని. అన్నయ్య లెక్క తప్పదు అని వాళ్ళ అత్తగారికి చెప్పేది. ఆవిడ, మీ అన్నయ్య నవ్వినా లెక్కేసుకునే నవ్వుతాడే అనేది. ఆ మాటకి అందరం నవ్వుకునేవాళ్ళం.

నాలుగూ నలభై. మొదటిది వెళుతోంది సార్ అంది ఇంజనీరమ్మాయి, తన ల్యాప్‌టాప్‌లో గంటలు చూస్తూ. అవతలి ఊళ్ళో రెండో గది చూసుకునే ఆయన ఇంజనీరమ్మాయి ఫోనులోనే ఉన్నాడు, రైల్వేలో చేసి రిటైరయ్యాడు, ఏది చెప్పినా ప్లాట్‌ఫారం మీద చెప్పినట్టే చెబుతాడు: గురువారం పదిహేను గంటల మూడు నిమిషాలు, చేరింది. ఆ గొంతుకి ఇంకో రోజు అయితే నవ్వొచ్చేది. ఒకటి చేరింది. రెండోదానికి ఐదూ ఒకటి అవుతుంది, బ్యాటరీ ఐదూ ఐదు, చేరితే చేరినట్టు. మూడోదానికి ఐదూ ఇరవై నాలుగు. ఆ పద్ధెనిమిది ఇరవై నిమిషాలు ప్రపంచంలో ఎక్కడ అమ్ముతారో నాకు తెలీదు. అమ్మినప్పుడు కొనలేదు. నడిమి లైను కొని ఉంటే ఈపాటికి మూడూ అవతల ఉండేవి. అసలు ఆ మంచానికి సగటు కాకుండా దాని వేగమే ఇచ్చి ఉంటే వరుసే ఉండేది కాదు, బీరువా కాలిపోతే ఒక బీరువా కాలినట్టు. సార్, మందు పడేలోపు ఈ సంగతి వాళ్ళకి చెప్పరా అని ఇంజనీరమ్మాయి అడిగింది. నేను చెల్లెలికి ఆఁ అన్నప్పుడు తను పక్కనే ఉంది. తను ల్యాప్‌టాప్ వైపే చూస్తూ, మా ఇంట్లో అయితే నాకు తెలియాలనుకుంటాను సార్ అంది, అంతే, ఇంకేం అనలేదు. చెబితే ఏం చెప్పాలి, మందు ఆపించు అని చెప్పాలా. చెల్లెలు వెంటనే ఆపించేస్తుంది, అన్నయ్య చెప్పాడని. మందు వేయించు అని చెప్పినా వేయిస్తుంది. రెండిట్లో ఏది చెప్పినా అది నా బేరమే అవుతుంది, పిల్ల ఒంటి మీద. పదకొండు నిమిషాలున్నాయి ఐదుకి. పదకొండు ఇంటూ పంతొమ్మిది... నోరు మూసుకో అన్నాను, నాలో నేను, పైకే వినపడింది.

ఫోను చేశాను. నర్సు వచ్చేసిందా అంటే, వస్తోంది అంది చెల్లెలు. నేను ఇందాక అబద్ధం చెప్పాను అన్నాను. బీరువా కాలిపోయిందన్నాను, లైను చిన్నది కొన్నానన్నాను, ఆ అమ్మాయి వద్దంటే కూడా కొన్నానన్నాను. సగటు గురించి చెప్పబోతే నాకే అసహ్యమేసి ఆపేశాను. అటు వార్డులో ఎవరో స్టీలు గ్లాసు కింద పెట్టిన చప్పుడు.

"ఎన్ని వచ్చాయి?" అంది.

"ఒకటి వచ్చింది. రెండోది సందేహం. మూడోది రాదు."

"నన్నేం చెయ్యమంటావు?"

నలభై ఏళ్ళలో అది నన్ను అడిగిన ప్రతిసారీ నా దగ్గర జవాబుంది. "తెలీదమ్మా. మందు ఆపితే ఇవాళే ఇంకోటి దొరకొచ్చు, వేస్తే మళ్ళీ మొదటికి వస్తాం. ఈసారి నేను చెప్పను. నువ్వూ డాక్టరుగారూ అనుకోండి."

తెల్లవారుజామున వచ్చింది ఆరు నిమిషాలుంది అన్నయ్యా, ఇంజెక్షన్ చేస్తే గానీ ఆగలేదు, పెదాలు నీలంగా అయిపోయాయి, నువ్వు చూళ్ళేదు అంది. చూళ్ళేదు అన్నాను. ఇంకోటి నేను కాచుకోలేను, డాక్టరుగారిని అడుగుతాను, కానీ నేనైతే మందు వేయిస్తాను, ఇవాళ దాన్ని పడుకోనీ అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది, కోపాన్ని తగ్గించడం నాకు తెలుసు. నువ్వక్కడే ఉండు, రెండోదాన్నైనా పోనివ్వకు అని పెట్టేసింది.

ఐదు. అక్కడ నర్సు చేతిలో మందు, ఇక్కడ తొమ్మిదిన్నర. గురువారం రాత్రి తొమ్మిదీ ఇరవై, పిల్ల బొమ్మలు గీసుకుంటూ ఉండి ఉంటుంది, అమ్మా లైటు తియ్యకు అని ఉంటుంది. ఐదూ ఒకటి. రైల్వే ఆయన గొంతు తగ్గించాడు, ఆయనకీ మనవలున్నారు: ఇరవై ఒకటి ముప్ఫై రెండు, వస్తోంది, ఇరవై ఒకటి ముప్ఫై తొమ్మిది, వచ్చేసింది బాబూ, పూర్తిగా వచ్చింది. ఇంజనీరమ్మాయి రెండు చేతులూ మొహానికి పెట్టుకుంది. ఇంక ఆ పెట్టెని చూస్తూ ఉన్నాను, అదేదో ముసలి ఎద్దు గట్టెక్కుతున్నట్టు, ఇంకొంచెం, ఇంకొంచెం, పది, పదీ ఇరవై, పదకొండు, ఐదూ ఐదు దాటింది, బ్యాటరీ ఇంకా ఉంది, ఐదూ ఆరు, ఒక నిమిషం ఇచ్చావు కదా ఇంకో పద్ధెనిమిది ఇవ్వు, ఎవరికి చెబుతున్నానో తెలీదు, ఐదూ ఏడుకి ఆకుపచ్చ దీపం ఒకసారి మసకబారి, మళ్ళీ వెలిగి, పోయింది. పెట్టె లోపలి చిన్న ఫ్యాను ఆగిన చప్పుడు. అవతలి నుంచి ఆయన చదివాడు: గురువారం ఇరవై మూడు గంటల ముప్ఫై నిమిషాలు, ఆ తర్వాత ఏమీ లేదు. అంటే పడుకుని ఉంది. అప్పటికది పడుకుని ఉంది, ఐదు గంటల తర్వాత వచ్చేదాని గురించి తెలీకుండా.

ఇంజనీరమ్మాయి నా భుజం దగ్గర నిలబడి, మీరు వెళ్ళండి సార్, మిగతా వాళ్ళకి ఫోన్లు నేను మొదలుపెడతాను అంది. వద్దు, అవి నేనే చేయాలి అన్నాను. మెట్లు దిగుతూ చెల్లెలికి ఫోను చేశాను. రెండు వచ్చాయి అని చెప్పాను. ఊఁ అంది. డాక్టరుగారు కూడా మందే వేయమన్నారు, వేశారు అంది. పిల్ల నీతో మాట్లాడతానంటోంది అని ఫోను దానికిచ్చింది, నేను వద్దనేలోపే.

"మావయ్యా, వైర్లు తీసేశారు. జుట్టంతా జిగురు. అమ్మ నూనె రాసి పీకుతోంది, చచ్చిపోతున్నా." తర్వాత గొంతు చిన్నది చేసింది. "మూడోది మీ దగ్గర పోయిందంట కదా. మళ్ళీ అతికిస్తారా?"

చూద్దాంలే అనొచ్చు. డాక్టరుగారు చెబుతారులే అనొచ్చు. ముప్ఫై ఏళ్ళుగా అలాంటివి వంద రకాలు నా నాలుక కింద రెడీగా ఉన్నాయి. అతికిస్తారు పిచ్చుకా, పోగొట్టింది నేనే అన్నాను. వెనకాల దువ్వెన ఆగిన చప్పుడు.

"ఈసారి ఎన్ని రావాలి?"

"ఒకటి చాలమ్మా."

"ఒకటేనా," అంది, గొంతులో నిజంగానే కాస్త హుషారు వచ్చింది, "అయితే సరే."

వీధిలో జనం ఆఫీసుల నుంచి ఇళ్ళకి పోతున్నారు. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని గోడకి ఆనుకున్నాను. ఇన్నేళ్ళ బేరాల్లో, అంత పెద్ద నష్టానికి అంత తక్కువకి ఒప్పుకున్న మనిషిని నేను చూడలేదు.